జైలు నుంచి వచ్చిన మనిషికి పని ఇవ్వాలా? కడపలో నా దుకాణం సంగతి

టేకుచెక్క
సోమవారం, రాత్రి 9:40

నమస్కారం. కడపలో చిన్న వడ్రంగం దుకాణం నాది. నేను కాక ఇద్దరు పనివాళ్లు. తలుపులు, మంచాలు, ఈ మధ్య ఎక్కువగా వంటింటి అరమరలు. మూడో మనిషి కోసం రెండు నెలలుగా వెతుకుతున్నాను.

మొన్న శనివారం మాకు ఒకప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు ఒకతన్ని పంపించారు. వయసు ముప్పై ఎనిమిది. పొలం గట్టు తగాదాలో అతను కట్టెతో కొట్టిన దెబ్బకు ఎదుటి మనిషి చనిపోయాడు. పాత శిక్షాస్మృతిలో 304 రెండో భాగం, అంటే చంపాలన్న ఉద్దేశం లేకుండా ప్రాణం తీసిన నేరం కింద పదేళ్ల శిక్ష. తగ్గింపులు పోను ఏడేళ్ల పైచిలుకు లోపల ఉండి వచ్చాడు. వడ్రంగం జైలులోనే నేర్చుకున్నాడట.

గడప బయటే నిలబడ్డాడు. నేను ఫోనులో మాట్లాడుతూ రమ్మని చెయ్యి ఊపాను, కదలలేదు. ఫోను పెట్టేసి నోటితో "లోపలికి రావయ్యా" అన్నాక అడుగు పెట్టాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతల విడుదల కాగితం. అడగకముందే తీసి బల్ల మీద పెట్టాడు. మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. అప్పటికి ఎంతమందికి చూపించాడో.

ఒక వేప చెక్క ఇచ్చి చిత్రిక పట్టమన్నాను. పని తెలిసిన చెయ్యే. కానీ ప్లైవుడ్, మైకా ఎప్పుడూ ముట్టుకోలేదు. లోపల బడి బెంచీలు, ఆఫీసు బల్లలు చేశాడట, అన్నీ గట్టి చెక్కతోనే.

మా ఆవిడ వద్దంటోంది. నా దగ్గరి కుర్రవాడు ఒకడు "ఆయన వస్తే నేను రాను" అన్నాడు. రెండు రోజుల్లో చెబుతానని పంపించాను. "ముఖం చూస్తే తెలిసిపోతుంది" లాంటి సలహాలు మాత్రం ఇవ్వకండి, ముఖాలు చూసి అప్పులిచ్చి మునిగినవాణ్ని. ఇలాంటివాళ్లు మళ్లీ తప్పు చేస్తారా, ఎంతమంది చేస్తారు, ఎవరైనా కూర్చుని లెక్క తీశారా? అది కావాలి నాకు.

గండికోట
సోమవారం, రాత్రి 9:52

అన్నా, ముందు ఆ మునిగిన అప్పుల కథ చెప్పండి.

పాత లాఠీ
సోమవారం, రాత్రి 10:15

కర్నూలు జిల్లాలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగినవాణ్ని. నా మాట వినండి, వద్దు. నేను చూసినవాళ్లలో లోపలికి వెళ్లి బుద్ధి తెచ్చుకుని వచ్చినవాడు ఒక్కడు లేడు. ఒకే దొంగను నాలుగుసార్లు నేనే పట్టుకున్నాను. అయిదోసారి నన్ను చూసి నవ్వి "బాగున్నారా సార్" అన్నాడు. కుక్క తోకకు బద్ద కట్టినంతసేపే సరిగ్గా ఉంటుంది. మీ దుకాణంలో ఉలులు, రంపాలు ఉంటాయి, అది కూడా ఆలోచించండి.

నల్లబల్ల
సోమవారం, రాత్రి 11:30

పాత లాఠీ గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఒక్కసారి ఇలా చూడండి. మళ్లీ తప్పు చేసినవాడు మీ స్టేషనుకు వస్తాడు. చేయనివాడు ఎందుకు వస్తాడు? వాడు ఎక్కడో ఇటుకలు మోస్తూ ఉంటాడు, మీ కంట పడడు. ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరుకు ఊరంతా రోగులే అనిపించినట్టు.

టేకుచెక్క గారూ, నేను సమాజశాస్త్రం పాఠం చెబుతాను, ఈ విషయం మీద కొంత చదివాను. మీరు అడిగిన లెక్కలు ఉన్నాయి, ఎక్కువగా బయటి దేశాలవి. అమెరికాలో 2005లో ముప్పై రాష్ట్రాల జైళ్ల నుంచి విడుదలైన నాలుగు లక్షల పైచిలుకు మందిని వెంట నడిచి లెక్కించారు. మూడేళ్లలో దాదాపు 68 శాతం మంది మళ్లీ అరెస్టు అయ్యారు. అయిదేళ్లకు చూస్తే దొంగతనం వంటి ఆస్తి నేరాల వాళ్లలో 82 శాతం, హింసా నేరాల వాళ్లలో 71 శాతం. నార్వేలో విడుదలైన రెండేళ్లలో మళ్లీ శిక్ష పడినవాళ్లు 20 శాతం దగ్గర. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చేస్తారు చాలామంది. అది తప్పు. ఒకచోట లెక్కపెట్టింది అరెస్టు, ఇంకోచోట శిక్ష. అరెస్టయిన ప్రతివాడికీ శిక్ష పడదు కదా.

మన దగ్గర జాతీయ నేర నమోదు సంస్థ ఏటా జైళ్ల లెక్కలు వేస్తుంది. లోపల ఎంతమంది ఉన్నారో చెబుతుంది. బయటికి వచ్చినవాడి వెంట మూడేళ్లు నడిచే లెక్క కాదు అది.

ఇంకొక మాట. పాత లాఠీ గారు చూసిన దొంగ వేరు, గట్టు తగాదాలో ఒక్క దెబ్బ కొట్టినవాడు వేరు. వయసు కూడా లెక్కే. పద్దెనిమిది, ఇరవై ఏళ్లప్పుడు తప్పులు తారస్థాయిలో ఉండి, తర్వాత దిగుతూ పోతాయి. దాదాపు ఏ దేశంలో గీత గీసినా అది ముప్పై దాటాక కిందికే వంగుతుంది.

గండికోట
మంగళవారం, ఉదయం 7:05

నార్వే జైలులో గదికో టీవీ ఉంటుందట మేడం. నేను ఉన్న హాస్టలులో గదికి పన్నెండుమంది, ఒక ఫ్యాను. ఎక్కడ నేరం చేయాలో చూసి చేయాలి.

నిజంగా అడుగుతున్నాను, ఇంటర్ చదివే అల్లరి పిల్లల్ని ఒక రోజు జైలుకు తీసుకువెళ్లి చూపిస్తే భయపడి దారికి రారా? మా కాలేజీలో ఈ ఆలోచన ఉంది.

నల్లబల్ల
మంగళవారం, ఉదయం 8:20

వద్దని చెప్పండి. అమెరికాలో న్యూజెర్సీలో 1970లలో ఇదే మొదలుపెట్టారు. యావజ్జీవ ఖైదీల చేత పిల్లల మీద అరిపించేవారు. తర్వాత లాటరీ వేసినట్టు పిల్లల్ని రెండు గుంపులుగా విడదీసి ఒక గుంపును తీసుకువెళ్లి, ఒక గుంపును వదిలేసి చూశారు. ఇలాంటి పరీక్షలన్నీ కలిపి చూస్తే జైలు చూసి వచ్చిన పిల్లలే ఎక్కువ తప్పులు చేశారు. అసలు చూపించకుండా ఉంటేనే నయం.

రెడ్డిపల్లి
మంగళవారం, మధ్యాహ్నం 2:10

అనంతపురం పక్కన రెడ్డిపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉంది. ఊళ్లో జనం ఓపెన్ జైలు అంటారు. 1965లో పెట్టారు, దాదాపు పద్నాలుగు వందల ఎకరాలు. అక్కడ కొన్నేళ్లు వార్డరుగా ఉండి రిటైరయ్యాను.

అక్కడ ఎత్తు గోడ లేదు. పొలం, తోట, పశువులు. మామూలు జైలులో కొంత శిక్ష గడిపి, నడవడి బాగున్నవాళ్లను ఏరి పంపిస్తారు. ఒక వానాకాలం రాత్రి లెక్క చూస్తే ఒకడు తక్కువ. మాకు గుండె ఆగినంత పని అయింది. అప్పటికే ఈ సంగతి పైవాళ్లకు చెప్పాలా, తెల్లారేదాకా చూడాలా అని తర్జనభర్జన. నాలుగు గంటలకు వచ్చాడు, మోకాళ్ల దాకా బురద, భుజాన దూడ. సాయంత్రం తప్పిపోయిందట, వెతుక్కుంటూ పోయాడు. "చెప్పి వెళ్లాలి కదరా" అంటే "చెబితే పంపరు కదా అయ్యా" అన్నాడు. దానికి శిక్ష వేయాలో మెచ్చుకోవాలో ఎవరికీ తోచలేదు. చివరికి అందరం కలిసి దూడ కాళ్లు కడిగాం.

కానీ నల్లబల్ల మేడం చెప్పిన పద్ధతిలోనే నేను కూడా ఒక మాట ఒప్పుకోవాలి. అక్కడికి వచ్చేవాళ్లు ముందే ఏరిన గింజలు. అందుకని ఓపెన్ జైలు వల్ల బాగుపడ్డారని ఊరికే అనలేను. సగం ఏరడంలోనే ఉంది.

విడుదల రోజు మాత్రం ఎక్కడైనా ఒకటే. ఇంటి నుంచి మనిషి వచ్చినవాడి నడక వేరు, రానివాడి నడక వేరు. ఒకతను గేటు దాటాక రోడ్డు మీద గంటసేపు నిలబడ్డాడు. రెండు వైపులా బస్సులు పోతున్నాయి, చెయ్యి ఎత్తడు. వెళ్లి అడిగితే "ఎటు పోవాలో అనుకుంటున్నాను" అన్నాడు. ఆడవాళ్లది ఇంకా ఘోరం. కడప మహిళా జైలులో పనిచేసిన మా తోటి ఉద్యోగిని ఒకావిడ అనేది, మగవాళ్ల ములాఖత్‌కు తల్లి, పెళ్లాం, చెల్లెలు వరుస కడతారు, ఆడవాళ్ల ములాఖత్‌కు వచ్చేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు అని.

నల్లబల్ల
మంగళవారం, సాయంత్రం 6:45

రెడ్డిపల్లి గారూ, ములాఖత్ మాట ఎత్తారు కాబట్టి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో విడుదలైన 16,420 మందిని చూశారు. లోపల ఉన్నప్పుడు ఒక్కసారైనా ఎవరో ఒకరు వచ్చి చూసిపోయినవాళ్లలో, మళ్లీ పెద్ద నేరానికి శిక్ష పడే అవకాశం 13 శాతం తగ్గింది. జైలు చేయించే ఖరీదైన శిక్షణలు కొన్ని ఇంత కూడా చేయలేవు. దీనికి ఖర్చు బస్సు చార్జీ. మన దగ్గర ఆ బస్సు చార్జీ కూడా పెట్టుకోలేని తల్లులు ఉన్నారు, అది వేరే సంగతి.

చిత్రావతి
మంగళవారం, రాత్రి 10:50

ఈ చర్చ నిన్నటి నుంచి చదువుతున్నాను. రాయకూడదు అనుకుని కూడా రాస్తున్నాను.

మా నాన్నను ఇలాగే చంపారు. గట్టు కాదు, బోరు నీళ్లు. నాకు అప్పుడు పదకొండేళ్లు. చేసినవాడికి శిక్ష పడింది, వచ్చేశాడు కూడా. వచ్చాడని మాకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మ ఆసుపత్రికి వెళ్దామని బస్సెక్కితే మూడు వరుసల ముందు కూర్చుని ఉన్నాడు. అమ్మ తర్వాతి స్టాపులో దిగి, ఎండలో మూడు మైళ్లు నడిచి ఇంటికి వచ్చింది. మందులు తేలేదు.

ఇక్కడ ఎవరి వెంటో మూడేళ్లు నడిచారట, అయిదేళ్లు నడిచారట. మా వెంట ఎవరు నడిచారు? నేను ఇంటర్‌తో చదువు మానేశాను. అది ఏ లెక్కలోకి వచ్చింది?

టేకుచెక్క గారూ, మీరు అతనికి పని ఇవ్వవద్దని నేను అనడం లేదు. ఇవ్వండి. ఊరికే తిరిగే మనిషి కంటే పనిలో ఉన్న మనిషి వల్ల నాకు భయం తక్కువ. ఒకటే అడుగుతున్నాను. ఆ చనిపోయిన మనిషి ఇంటివాళ్లు మీ దుకాణానికి తలుపు చేయించుకోవడానికి వస్తే ఏం చేస్తారో కూడా ఆలోచించుకున్నారా?

టేకుచెక్క
మంగళవారం, రాత్రి 11:20

లేదమ్మా. ఆ ఆలోచనే రాలేదు. ఈ రాత్రికి ఏమీ రాయలేను.

అనంత వకీలు
బుధవారం, ఉదయం 9:00

చిత్రావతి గారూ, ఆలస్యంగానైనా ఒక సంగతి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 357ఏ అని ఒక సెక్షన్ ఉండేది, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 396. బాధితులకు, వాళ్ల మీద ఆధారపడినవాళ్లకు పరిహారం గురించి. దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పెట్టుకోవాలి, వకీలు ఫీజు లేకుండా వాళ్లే సాయం చేస్తారు. మీ కేసు ఏ సంవత్సరం నాటిదో బట్టి వర్తిస్తుందో లేదో వాళ్లు చూసి చెబుతారు. అడగడంలో పోయేది లేదు. ఖైదీ కూలి మీద కూడా సుప్రీంకోర్టు 1998లో గుజరాత్ కేసులో ఒక మాట చెప్పింది. చేసిన పనికి న్యాయమైన కూలి ఇవ్వాలి, అందులో కొంత బాధితుల కోసం పక్కన పెట్టేలా రాష్ట్రాలు చట్టం చేయాలి అని.

టేకుచెక్క గారికి: శిక్ష అనుభవించి వచ్చినవాడిని పనిలో పెట్టుకోవద్దని మీలాంటి దుకాణం యజమానికి చెప్పే చట్టం ఏదీ లేదు. చిక్కులు ఎక్కువగా ప్రభుత్వ ఉద్యోగాల దగ్గరే. అక్కడ కూడా 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కేసు ఉందన్న ఒక్క కారణంతో కళ్లు మూసుకుని తీసేయకుండా, నేరం ఎలాంటిది, ఉద్యోగం ఎలాంటిది, ఉన్నది చెప్పాడా దాచాడా అన్నీ చూడమంది. ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. రెండేళ్లకు తక్కువ కాకుండా శిక్ష పడిన నాయకుడు బయటికి వచ్చి ఆరేళ్లు ఆగితే మళ్లీ ఎన్నికల్లో నిలబడవచ్చు. చట్టం దానికి గడువు రాసి పెట్టింది. రంపం పట్టుకునేవాడి మచ్చకు గడువు ఎవరూ రాయలేదు.

మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసు, గియాసుద్దీన్ కేసు, 1977. ఉద్యోగాలు ఇప్పిస్తానని కుర్రవాళ్లను మోసం చేసిన వ్యక్తి. జస్టిస్ కృష్ణయ్యర్ అతని శిక్షను పద్దెనిమిది నెలలకు తగ్గించి, జైలులో అతనికి తగిన పని, దానికి కూలి ఇమ్మన్నారు. శిక్ష వేసే జడ్జి ఆ మనిషి రేపు ఎలా బయటికి వస్తాడో కూడా చూడాలన్నది అందులోని సారం. ఆ తీర్పు వచ్చి ఎంత కాలమైందో లెక్క వేసుకోండి.

ఇంకొకటి. పునరావాసం అనగానే శిక్ష పడినవాళ్ల గురించే మాట్లాడతాం. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు, నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. శిక్షే పడలేదు కాబట్టి వడ్రంగం నేర్పే వరుసలో వాళ్లు సాధారణంగా ఉండరు. ఏడాదో రెండేళ్లో ఊరికే కూర్చుని బెయిలు మీద వస్తారు. మచ్చ మాత్రం అందరికీ సమానమే.

పాత లాఠీ
బుధవారం, ఉదయం 11:35

వకీలు గారూ, కాగితం మీద అన్నీ బాగుంటాయి. అక్కడ స్టువర్టుపురం లాంటి చోట్ల పుట్టుకతోనే వచ్చే అలవాటును ఏ తీర్పు మారుస్తుంది?

నల్లబల్ల
బుధవారం, మధ్యాహ్నం 1:15

ఆ మాట వెనక్కి తీసుకోండి సార్. పుట్టుకతో నేరం అన్నది 1871లో తెల్లవాడు రాసిన చట్టం. కులాలకు కులాలనే నేరస్థుల జాబితాలో ఎక్కించి, కనబడకపోతే పట్టుకొమ్మన్నాడు. 1952లో దాన్ని రద్దు చేశాం. స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో అలా పుట్టిన సెటిల్‌మెంటే, అంటే ఆ జాబితాలోని వాళ్లను తెచ్చి ఉంచిన కాలనీ. సంఘ సంస్కర్త లవణం గారు, కవి జాషువా గారి అమ్మాయి హేమలత గారు అక్కడికి వెళ్లి ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు చేసింది ప్రధానంగా ఏమిటి? పిల్లలకు బడి, పెద్దలకు పని, పోలీసులతో మాట. పుట్టుకే కారణమైతే ఆ మూడింటికీ మారినవాళ్లు ఎలా మారారు?

పాత లాఠీ
బుధవారం, మధ్యాహ్నం 2:00

సరే. ఆ ఒక్క మాట తీసేసుకుంటున్నాను. మిగతావి ఉంచుతున్నాను.

పేరెందుకులే
బుధవారం, రాత్రి 9:25

నేను డోన్ వైపు ఉంటాను. నేనూ అక్కడి నుంచి వచ్చినవాణ్నే. ఆరేళ్లు. వచ్చి తొమ్మిదేళ్లు అవుతోంది. ఇప్పుడు ఆటో ఉంది, పదమూడు గొర్రెలు ఉన్నాయి. టైపు చేయడం నెమ్మది, తప్పులుంటే క్షమించండి.

వచ్చిన మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. లోపల రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది, ఇంట్లో ఆపేశారు. చీకటికి ఊపిరి ఆడలేదు. లేచి లైటు వేసుకుని పడుకున్నాను. నెల రోజులు అలాగే. కరెంటు బిల్లు చూసి మా అమ్మ తిట్టింది. ఎందుకు వేసుకుంటున్నానో ఆమెకు చెప్పలేదు.

రేషను కార్డులో పేరు తీసేశారు. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు ఎవరికో పోయింది. నంబరు మార్చాలంటే కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేయమన్నారు. రాళ్లు కొట్టిన వేళ్లు కదా, ముద్ర పడలేదు. మూడు ఊర్లు తిరిగాను. బ్యాంకు ఖాతా లేదు కాబట్టి కూలి చేతికే ఇవ్వండి అంటే ఒక మేస్త్రీ అనుమానంగా చూశాడు. ఇవేవీ నేరాలు కావు. కానీ ఒక రోజు బస్టాండులో కూర్చుని, లోపలే నయం అనుకున్న మాట నిజం. అన్నం టైముకు వచ్చేది.

టేకుచెక్క అన్నా, నా అనుభవంలో నాలుగు మాటలు. కూలి మొదటి రెండు నెలలు రోజుకు రోజు ఇవ్వు, లేకుంటే వారానికి. నెల జీతం అంటే ఆ నెలంతా ఏం తినాలి? కేసు గురించి అడగకు, చెప్పాలనిపిస్తే వాడే చెబుతాడు, మూడేళ్ల తర్వాతైనా చెబుతాడు. గల్లా పెట్టె తెరిచి పెట్టి పక్కకు పోయి చాటు నుంచి చూడటం లాంటి పరీక్షలు పెట్టకు. నాకు ఒకాయన పెట్టాడు. రూపాయి ముట్టలేదు, కానీ ఆ రోజే పని మానేశాను. చివరిది, వాడు చాలా మంచివాడు అని పదిమందికి చెప్పకు. అది కూడా మోయలేని బరువే.

గండికోట
బుధవారం, రాత్రి 9:40

అన్నా, ఇక నేను ఈ చర్చలో హాస్యం ఆపేస్తున్నాను.

నల్లబల్ల
గురువారం, ఉదయం 6:50

పేరెందుకులే గారు రాసింది చదివి రాత్రి చాలాసేపు కూర్చున్నాను. పరిశోధన ఆయన మాటలకు కొత్తగా కలిపేది కొంచెమే, అయినా చెబుతాను.

1974లో అమెరికాలో మార్టిన్‌సన్ అనే ఆయన 231 అధ్యయనాలు తిరగేసి, ఖైదీలను మార్చే కార్యక్రమాల వల్ల పెద్దగా ఫలితం కనబడటం లేదని రాశాడు. జనం దాన్ని "ఏదీ పనిచేయదు" అని మార్చుకున్నారు. ప్రభుత్వాలకు అది తీపి మాట, ఖర్చు తప్పుతుంది కదా. అయిదేళ్లకు ఆయనే, కొన్ని పనిచేస్తాయని సవరించుకున్నాడు. ఆ సవరణ ఎవరి చెవికీ ఎక్కలేదు. 2013లో అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ లెక్క వేస్తే, లోపల చదువు, శిక్షణ తీసుకున్నవాళ్లు మళ్లీ తప్పు చేసేవాళ్లు నూటికి 13 మంది చొప్పున తక్కువగా తేలారు. ఇందులో కూడా రెడ్డిపల్లి గారి ఏరిన గింజల సంగతి ఉంది. చదువుకు కూర్చునేవాడు ముందే కొంత వేరు.

బోస్టన్‌లో చిన్నప్పుడు నేరాలు చేసిన 500 మంది మగపిల్లల పాత ఫైళ్లు దశాబ్దాల తర్వాత బయటపడ్డాయి. శాంప్సన్, లాబ్ అనే ఇద్దరు వాటిని తిరగేసి, ఎవరు మానేశారు, ఎందుకు మానేశారు అని చూశారు. వాళ్లకు కనబడినవి నిలకడైన పని, కుదిరిన సంసారం. పొద్దున లేస్తే వెళ్లాల్సిన చోటు, రాత్రి ఎక్కడున్నావని అడిగే మనిషి.

పని దొరకడం మాటేమిటంటే, 2001లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక పరీక్ష చేశారు. ఒకేలాంటి చదువు, తీరు ఉన్న కుర్రవాళ్లను ఉద్యోగాలకు పంపారు, కొందరు జైలుకు వెళ్లి వచ్చామని చెప్పేవారు. తెల్లవాళ్లలో నూటికి 34 మందికి పిలుపు వస్తే, జైలు మాట చెప్పగానే 17కి పడింది. నల్లవాళ్లకు 14 నుంచి 5కు. అంటే ఏ నేరమూ చేయని నల్లవాడి కంటే జైలుకు వెళ్లిన తెల్లవాడికి పిలుపు ఎక్కువ. అయితే దరఖాస్తులో ఆ ప్రశ్నే తీసేద్దాం అన్నారు. తీసేసిన చోట ఇంకొకటి జరిగింది. ఎవరు జైలుకు వెళ్లారో తెలియక యజమానులు రంగును బట్టి ఊహించడం మొదలుపెట్టారు, తేడా ఇంకా పెరిగింది. మన దగ్గర రంగు బదులు ఊరి పేరు, ఇంటి పేరు అడుగుతారు. అడిగేది ఎందుకో అందరికీ తెలుసు.

ఒక ఉపయోగపడే లెక్క కూడా ఉంది. న్యూయార్కులో 1980లో మొదటిసారి అరెస్టయినవాళ్లను ఏళ్ల తరబడి చూస్తే, పద్దెనిమిదేళ్లకు దోపిడీలో దొరికినవాడు ఆ తర్వాత ఏ కేసూ లేకుండా దాదాపు ఎనిమిదేళ్లు గడిపితే, అతని వల్ల ప్రమాదం అదే వయసు మామూలు మనిషితో సమానం అయిపోయింది. మచ్చకు గడువు రాయవచ్చునేమో వకీలు గారూ.

టేకుచెక్క
గురువారం, రాత్రి 10:05

రమ్మన్నాను. ఈ రోజే మొదటి రోజు. కూలి సాయంత్రం చేతికి ఇచ్చాను. లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు, గడప దాటి లెక్కపెట్టుకున్నాడు.

చిత్రావతి గారూ, మాస్టారిని అడిగాను. చనిపోయిన మనిషి భార్య, కొడుకు ఊళ్లోనే ఉన్నారు. అందుకే ఇతను ఊరికి పోవడం లేదట, తల్లి వారానికోసారి కడపకు వచ్చి చూసి పోతుంది. వాళ్లు మా దుకాణానికి వస్తే ఏం చేయాలి అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. వాళ్లకు ముందుగా తెలియాలని మాత్రం అనిపించింది. మాస్టారు వెళ్లి, ఇతను ఎక్కడ పని చేస్తున్నాడో చెప్పి వస్తానన్నారు.

చిత్రావతి
గురువారం, రాత్రి 10:30

చెప్పించడమే చాలా ఎక్కువ. మాకైతే అది కూడా లేదు.

వకీలు గారూ, న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు సోమవారం వెళ్తున్నాను. అమ్మ కూడా వస్తానంది.

టేకుచెక్క
మూడు వారాల తర్వాత, బుధవారం, సాయంత్రం 7:30

అందరూ అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. పోయిన వారం మూడు రోజులు రాలేదు. ఫోను లేదు కాబట్టి కబురూ లేదు. ఒక ఆర్డరు ఆగిపోయి నాకు ఒళ్లు మండింది. నాలుగో రోజు వచ్చాడు. ఊళ్లో జాతర అట, స్టేషను నుంచి పిలిపించి, రోజంతా బయట కూర్చోబెట్టి, సాయంత్రం పంపించారు, మూడు రోజులూ అంతే. బైండోవర్ అన్నారట. సంతకం కూడా పెట్టించుకోలేదట.

అనంత వకీలు
బుధవారం, రాత్రి 8:15

సంతకం లేకుండా బైండోవర్ ఏమిటి? శాంతిభద్రతల బాండు రాయించాలంటే పాత కోడ్‌లో 107, 110 సెక్షన్లు, ఇప్పుడు సంహితలో 126, 129. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, అంటే మన దగ్గర ఎక్కువగా తహసీల్దారు, కారణాలు రాసి ముందు నోటీసు ఇవ్వాలి. మళ్లీ పిలిస్తే నోటీసు అడగమనండి, మర్యాదగానే. అతని మీద షీటు, అంటే నిఘా పెట్టినవాళ్ల గురించి స్టేషనులో ఉంచే రికార్డు, తెరిచారేమో కూడా తెలుసుకోండి.

పాత లాఠీ
బుధవారం, రాత్రి 9:00

వకీలు గారు చెప్పింది సరైనదే, కానీ నోటీసు అడిగితే గొడవ పెరుగుతుంది. నా మాట వినండి టేకుచెక్క గారూ. మీరే అతన్ని వెంటబెట్టుకుని ఆ స్టేషనుకు వెళ్లండి. "ఈయన నా దగ్గర పని చేస్తున్నాడు, ఇది దుకాణం నంబరు, అవసరమైతే నాకు ఫోను చేయండి" అని చెప్పండి. మా వాళ్లకు కావలసింది మనిషి ఎక్కడున్నాడో తెలియడం. అడ్రసు లేనివాణ్నే కూర్చోబెడతారు. పూచీ ఉన్నవాడి జోలికి పోరు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు అలా వచ్చి చెప్పిన యజమాని ఒక్కడు లేడు. వచ్చి ఉంటే, నేను మొదట్లో చెప్పిన లెక్క కూడా మారేదేమో.

టేకుచెక్క
శనివారం, రాత్రి 9:50

వెళ్లి వచ్చాను. పది నిమిషాల పని. ఎస్సై గారు నంబరు రాసుకున్నారు.

ఆయన వస్తే రానన్న కుర్రవాడు మూడు రోజులు మానేసి నాలుగో రోజు వచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకోరు. కొలతలు మాత్రం చెప్పుకుంటారు. ప్లైవుడ్ అంచు పగలకుండా కోయడం ఆ కుర్రవాడే నేర్పాడు, నోరు విప్పకుండా, రంపం ఎటు వంచాలో చేత్తో చూపించి.

ఇంకా గడప దగ్గర ఆగుతున్నాడు. కొంచెం తగ్గింది.

ఆధార్ కేంద్రంలో నాలుగోసారికి వేలిముద్ర పడింది. పాత బటన్ల ఫోను ఒకటి ఇప్పించాను. నిన్న బ్యాంకు వాళ్లు ఓటీపీ పంపితే, మళ్లీ కనబడదేమోనని పెన్సిలుతో ఆ ఆరంకెలూ ప్లైవుడ్ ముక్క మీద రాసుకున్నాడు. పని అయ్యాక ఆ ముక్కను పొయ్యిలోకి వేయబోతే ఆపాడు, మళ్లీ కావాలేమో అని. అది ఒక్కసారికే పనికొస్తుందని చెప్పాను. అయినా తీసి ఉలుల పెట్టెలో పెట్టుకున్నాడు.